పక్క సీట్లో తువ్వాలు

మహారాజశ్రీ తమ్ముడు చిన్నబాబు గారికి, ఈమధ్యే బి.ఏ. గట్టెక్కిన మీ అన్న సవినయంగా రాయునది.

రెండో తరగతిలో నువ్వు జ్వరంతో పోయాక సినిమా హాలు మొహం చూడని నాన్న, నిన్న తనంతట తానే నన్ను వెంటబెట్టుకుని గాజువాకలో మాట్నీకి బయలుదేరాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఓ పిల్ల కథట. లోపలికి వెళ్లగానే అలవాటుగా తువ్వాలు తీసి పక్క సీటు మీద పరిచాడు, మునుపు నీకోసం పరిచినట్టే. నేను తియ్యబోయి ఆగిపోయాను.

హాలు నిండిపోయింది. ఒకాయన వచ్చి, "బావా, ఇక్కడెవులైనా ఉన్నారేటి?" అన్నాడు.

"మా సిన్నోడొత్తన్నాడు," అన్నాడు నాన్న, ఖాళీ తెరకేసి చూస్తూ.

ఆయన నా వైపు చూశాడు.

"సోడాకెళ్లాడండి, వచ్చేత్తాడు," అన్నాను. నా డిగ్రీ ఇలా అక్కరకొచ్చింది.

పాపం, ఆయన గోడకానుకుని నిలబడ్డాడు. తెర మీద ఆ పిల్ల తమ్ముడి చొక్కా మడతపెడుతుంటే హాలంతా ముక్కులు చీదింది. నాన్న మాత్రం తువ్వాలు అంచులు సర్దుతూ కూర్చున్నాడు.

ఇంటర్వెల్లో ఆయన మళ్లీ వచ్చాడు. "ఏటి బావా, మీవోడింకా రాలేదేటి? సగం సినిమా అయిపోనాది!"

"వచ్చేత్తాడు," అన్నాడు నాన్న.

మళ్లీ లైట్లు ఆర్పారు. ఆ తర్వాత తలుపు తెరుచుకున్నప్పుడల్లా, నాన్న కంటే ముందు ఆయనే అటు చూశాడురా.