ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే

ఆదివారం రాత్రి, ఎల్.బి.నగర్

బంద్ వల్ల బస్సులు లేకపోయినా మీర్‌పేట్‌లో ఉండే నల్గొండ వాళ్లు ప్రార్థనకు నడిచే వచ్చారు. ఆరాధన అయ్యాక వాళ్లలోని సాలమ్మక్క లేచి, నేను ఇన్నాళ్లూ భయపడుతున్న మాట అనేసింది.

"సంఘ పెద్దలు నలుగురు ఆంధ్రోళ్లే. బియ్యం పంచేటప్పుడు మా నల్గొండ విధవరాండ్లు మీకు ఎట్ల కనిపిస్తరు?"

ఆ నలుగురిలో మా మామయ్యగారూ ఒకరు. ఆయన ముఖం ఎర్రబడింది. బయట ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న గొడవ మా సంఘాన్నీ చీల్చేస్తుందేమో అనిపించింది. పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పే ధైర్యంతోనే లేచి మాట్లాడాను.

"యెరూషలేములో మొదటి సంఘానికీ ఇదే తగాదా వచ్చింది. రోజూ పంచే భోజనంలో మా విధవరాండ్రను మరిచిపోతున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. సంఘాన్ని నడిపే అపొస్తలులు కోప్పడలేదు. ఏడుగురిని మీరే ఎన్నుకోండి, ఆ పని వాళ్లకు అప్పగిస్తామన్నారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే, అంటే సణిగినవాళ్ల వైపు వాళ్లకే పని అప్పగించారు."

మామయ్యగారు సాలమ్మక్క వైపు తిరిగారు. "సాలమ్మా, ఇకనుంచి ఆ పని మీవాళ్లే చూడండి. పేర్లు నువ్వే చెప్పు," అన్నారు.

"అందరు మావోళ్లే ఎందుకు పెద్దయ్యా? మీ కోడల్ని గూడ ఉండనీ," అంది అక్క నన్ను చూపిస్తూ.

రాష్ట్రం ఏమవుతుందో నాకు తెలియదు. వచ్చే ఆదివారం మా తలల మీద చేతులుంచి ప్రార్థించి ఆ పని అప్పగిస్తారట. అక్క పక్కనే మోకరించాలని ఉంది.