అద్దెకు తెస్తున్న లారీ

అత్తయ్యా,

మీకు కనబడాలని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. వంట పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తినండి. మేమిద్దరం లారీ తేవడానికి వెళ్తున్నాం. ఇప్పుడే కొనడం లేదు, అద్దెకు తీసుకుంటున్నాం. మూడేళ్లు సరిగ్గా కడితే బండి మనదేనని ఓనరు కాగితం రాసిచ్చాడు.

మీ కంటి ఆపరేషన్ డబ్బు నా సంచిలో ఎందుకు పెట్టారు? మీ చూపు తాకట్టు పెట్టి బండి కొంటామా? మీ అబ్బాయి అది చూసి వెంటనే తిరిగి పెట్టేయమన్నాడు. మొత్తం మీ బీరువాలో దుప్పట్ల కింద పెట్టేశాను. మళ్లీ తీశారో, మీతో మాట్లాడను. బుధవారం పొద్దున్నే ఆసుపత్రికి మనిద్దరం వెళ్తున్నాం.

మీ కోడలు

అన్నట్టు, లారీ ఏ రంగో అడగకండి. కట్టు విప్పాక మీరే చూసి చెప్పాలి.