మిరియం ఆంటీ గోడ

సుధా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రాత్రి ఎవరో మన న్యూకాసిల్ వీధిలో, పక్కింటి మిరియం ఆంటీ గోడ మీద, యూదులు ఇక్కణ్ణించి వెళ్లిపోవాలని ఎర్ర పెయింట్‌తో రాశారు.

శనివారం యూదుల విశ్రాంతి దినం కదా, చీకటిపడేదాకా ఆవిడ లైటు వేయడంతో సహా ఏ పనీ చేయరు, ఇంకొకరిని చేయమని అడగరు కూడా. "ఇల్లు చీకటిగా ఉంది కదమ్మా" అని ఆవిడ అంటే చాలు, నువ్వు వెళ్లి లైటు వేసి వచ్చేదానివి.

ఇవాళా శనివారమే. పొద్దున ప్రార్థనకి వెళ్తూ ఆవిడ మన గేటు దగ్గర ఆగారు. "గోడ మురికైంది కదూ, రావ్?" అన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. కడుగుతూ కనిపిస్తే రేపు మన గోడ మీదా రాస్తారని భయమేసింది.

"కౌన్సిల్ వాళ్లు చూసుకుంటార్లెండి ఆంటీ" అని లోపలికి వచ్చేశాను. రోజంతా కర్టెన్ తీయలేదు.

చీకటిపడి వాళ్ల శనివారం ముగిశాక, ఎనభై ఏళ్ల మనిషి ఆ చలిలో బకెట్ పట్టుకుని బయటికి వచ్చారు. అప్పుడు వెళ్లి ఆవిడ చేతిలో బ్రష్ తీసుకున్నాను.

"పొద్దున భయపడ్డావా?"

"అవును ఆంటీ."

"నేనూ భయపడ్డాను. మీ ఇంటి జోలికి ఎవరూ రాకూడదని ప్రార్థించాను."

నేను తలెత్తకుండా గోడ రుద్దుతూ ఉండిపోయాను.