దగ్గేవాళ్లు ఎవరని అడిగారు

నాన్నా,

చెల్లి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిని ఇవాళ సూదితో తీశారు. పిల్లలకు అది న్యుమోనియా వల్లో, గుండె, మూత్రపిండాల జబ్బుల వల్లో, క్షయ వల్లో రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. "ఇంట్లో చాన్నాళ్లుగా దగ్గేవాళ్లు ఉన్నారా?" అని అడిగింది. అమ్మ లేరంది. నేను ఉన్నారన్నాను. మూడు నెలల మీ దగ్గు సంగతీ, బడిలో వంటపని పోతుందని మీరు దాచిన సంగతీ చెప్పేశాను.

"ఆసుపత్రిలో క్షయ కరపత్రాలు చదివి నాన్న నోటికాడ కూడు లాగేశావు కదరా" అంది అమ్మ. ఆ బడిపిల్లలకూ ఊపిరితిత్తులున్నాయి నాన్నా. రేపు మీ కఫం పరీక్షకు ఆసుపత్రి మనిషి వస్తాడు, తలుపు తీయండి. క్షయ అయితే దగ్గుతో అంటుకుంటుంది, వార్డుకు మాత్రం రాకండి.

చెల్లి మీకోసం ఒకటే ఏడుపు. నాన్నకు నువ్వంటే ఇష్టం లేదు, అందుకే రాలేదని చెప్పాను. ఇక రమ్మన్నా మీ ఒళ్లోకి రాదు.

మీ కొడుకు