తాతయ్యకిచ్చిన హోంవర్క్

మూడో తరగతి టీచర్ గారికి,

మీరు పాఠాల మధ్యలో పిల్లలను లేపి గెంతిస్తున్నారనీ, డబ్బాల్లో పళ్ళు తెమ్మన్నారనీ మా మనవరాలు చెప్పింది. సంతోషం. కానీ మధ్యలో నా మీద ఎందుకు పడ్డారండీ?

బడి నుంచి రాగానే అది నా చేతిలో బిస్కెట్ లాగేసుకుంటోంది. "ఇంట్లో పెద్దవాళ్ళని నడిపించమని టీచర్ హోంవర్క్ ఇచ్చారు, లే తాతయ్యా" అంటూ వీధి చివరిదాకా లాక్కుపోతోంది. జన్మంతా కుట్టుమిషను ముందు కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు నాకు నడకలేమిటి?

ఇందులో మా కోడలి చెయ్యి ఉందని నా అనుమానం. ఆమధ్య డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి కోడలితో ఏదో మాట్లాడాడు. అప్పటి నుంచి తను నా మొహంలోకి సూటిగా చూడదు. మీరిద్దరూ కూడబలుక్కున్నారా? అడిగితే "నాకేం తెలీదు మామయ్యా" అంది. నమ్మలేదు. మీ క్లాసులోనే చదివే పక్కింటి పిల్లను ఆరా తీశాను. "మాకు అలాంటి హోంవర్కే లేదు తాతా" అంది.

నిన్న సందు మలుపులో నాకు ఆయాసం వచ్చి ఆగాను. మనవరాలు నా వేలు గట్టిగా పట్టుకుంది. "ఆగకు తాతయ్యా, మార్కులు పోతాయి" అంది. కళ్ళనిండా నీళ్ళు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు డాక్టరు గదిలో అది కూడా ఉంది.

ఏం విన్నావని దాన్ని అడగను. మీరు మాత్రం ఆ హోంవర్క్ ఇచ్చి ఉండకపోతే, రేపే క్లాసంతటికీ ఇచ్చెయ్యండి. మా పిల్ల అబద్ధమాడిందని ఎవరూ అనకూడదు.

ఇట్లు,
దాని తాతయ్య