పడుకున్న కుర్చీలు

చిట్టి తల్లికి పెద్దనాన్న ఆశీస్సులు.

ఫోన్ చెయ్యకు, కొట్లో రంపం హోరుకి సగం మాటలు నాకు చేరవు. ఉత్తరమే రాయి. చెక్కపనుల ప్రదర్శన వాళ్ళు కొత్త పేచీ పెట్టారు. నా కుర్చీల ఫోటోలన్నీ ఒకే పీడీఎఫ్‌గా పంపాలట. ఫోటోలు చెక్క మీద అంటించి, ఆ చెక్కని ఫోటో తీసి పంపితే తిప్పికొట్టారు. ప్రోగ్రాములు రాసేదానివి, ఇక నువ్వే దిక్కు. పోయినసారి "మామూలు కుర్చీలే కదా" అని పక్కన పెట్టేశారు. ఒక్క మేకు లేకుండా చేసిన కుర్చీ మామూలుదా? నాకెంత మండిందో! ఈసారీ కాదంటే ఇక ఉలి ముట్టనని మీ పెద్దమ్మ దగ్గర నోరు జారాను.

నీ పెద్దనాన్న

తా.క.: మీ పెద్దమ్మ అప్పుడే టేపు తెచ్చి కొట్టు కొలుస్తోంది. కుట్టు మిషన్ పెడుతుందట.

---

పెద్దనాన్నకు నమస్కారాలు.

దిగులు పడకండి. చిన్న ప్రోగ్రాం రాసి మీ కంప్యూటర్‌కి పంపాను. ఫోటోలన్నీ 'కుర్చీలు' అనే ఫోల్డర్‌లో వేసి ఆకుపచ్చ బొమ్మ నొక్కండి. పేజీకో ఫోటో చొప్పున పీడీఎఫ్ తయారవుతుంది. కుర్చీలో ఎవరైనా కూర్చున్న ఫోటో కూడా ఒకటి వెయ్యండి.

మీ చిట్టి

తా.క.: పెద్దమ్మ కూర్చుంటే టేపు పక్కన పెట్టమనండి.

---

చిట్టీ,

పీడీఎఫ్ వచ్చింది గానీ, కుర్చీలన్నీ పక్కకి పడుకున్నాయే! ఫోన్‌లో నిక్షేపంగా నిలబడ్డాయి. ఇందులోకి వచ్చేసరికి ఏం నీరసం వచ్చిందో? మీ పెద్దమ్మయితే గోడకి బల్లిలా ఉంది. గడువు చూస్తే శుక్రవారం. ఏదో ఒకటి చెయ్యి తల్లీ.

కంగారులో, పెద్దనాన్న

తా.క.: మెడ వంచి చూస్తే బాగానే ఉన్నాయి. వాళ్ళనీ అలాగే చూడమని రాయనా?

---

పెద్దనాన్నకు నమస్కారాలు.

తప్పు నాదే. ఫోన్ ప్రతి ఫోటోతో పాటు 'ఇది పై వైపు' అని ఒక గుర్తు దాస్తుంది. నా ప్రోగ్రాం దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకుంటుంది, సరిచేసినదాన్ని మీ కంప్యూటర్‌కి పంపేశాను. మీకు శ్రమ లేకుండా, బొమ్మ నొక్కగానే పీడీఎఫ్ దానంతటదే ప్రదర్శన వాళ్ళకి వెళ్ళిపోయేలా కూడా చేశాను. మీరు మళ్ళీ చూసుకోనక్కర్లేదు.

మీ చిట్టి

తా.క.: పాత ఫోటోలే ఉంచండి. దేన్నీ ముట్టుకోకండి!

---

చిట్టీ,

నీ జవాబు ఇంకా అందలేదు. పర్లేదు, ఉపాయం నేనే కనిపెట్టాను. కుర్చీలు ఎలాగూ పడుకుంటున్నాయి కదా, ముందే రెండో పక్కకి పడుకోబెట్టి తీస్తే లేచి నిలబడతాయి! కొట్టు ఇరుకు కాబట్టి కుర్చీల కాళ్ళ వైపు నిలబడి తీశాను. మీ పెద్దమ్మని కూడా కుర్చీతో సహా నేల మీద ఒరగబెట్టాను. కాసేపు తిట్టి, తర్వాత కళ్ళు మూసుకుని భరించింది. పాత ఫోటోలు తీసేసి, ఇవి వేసి, బొమ్మ నొక్కాను.

విజయగర్వంతో, పెద్దనాన్న

తా.క.: నొక్కగానే 'పంపేశాం' అని వచ్చింది. ఎవరికే?

---

పెద్దనాన్నా!

కొంప మునిగింది. మీరూ సరిచేశారు, నేనూ సరిచేశాను, రెండూ కలిసి కుర్చీల్ని మళ్ళీ పడుకోబెట్టాయి. అవి అలాగే వెళ్ళిపోయాయి, గడువూ దాటింది. చూసుకోనక్కర్లేదన్నది నేనే కదా. ఏడుపొస్తోంది. నన్ను క్షమించండి.

చిట్టి

తా.క.: మిషన్ తెచ్చినా సరే, ఉలి మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

---

చిట్టి తల్లీ,

కళ్ళు తుడుచుకో. కుర్చీలు ప్రదర్శనకి ఎంపికయ్యాయి! "అందరూ కుర్చీ ముఖమే చూపించారు, మీరొక్కరే అడుగు చూపించారు. ఒక్క మేకు లేని ఆ అతుకుల్ని మేమంతా మూగి మరీ చూశాం" అని రాశారు. ఇన్నేళ్ళూ నిటారుగా నిలబెట్టి ఆ పనంతా నేనే దాచానన్నమాట. ఆనందం పట్టలేక కొట్లో కూర్చుని ఏడ్చానే. ప్రదర్శనలో కూడా అలాగే పడుకోబెట్టమన్నారు. నీ ప్రోగ్రాం జోలికి మాత్రం వెళ్ళకు.

ఉలి పట్టిన చేత్తోనే, నీ పెద్దనాన్న

తా.క.: మీ పెద్దమ్మ ఫోటోని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. కుర్చీ పడిపోయినా నిద్ర చెడలేదంటే ఆ కుర్చీ ఎంత హాయిగా ఉందో అని రాశారు. అది చదివినప్పటి నుంచీ టేపు కనపడటం లేదు.