గూట్లో మందు డబ్బా లేదు

ప్రణవి వాళ్ల నాయినా,

నొప్పుల మందు డబ్బా కోసం వెతకకు. అది నా సంచిలో వేసుకుని నాంపల్లి హాస్టల్‌కు వంటకు వెళ్తున్నాను. రొట్టెలు గిన్నె కింద ఉన్నాయి, పప్పు స్టవ్ మీద ఉంది. తినకుండా వెళ్లకు.

ఆదివారం కదా, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరచడానికి గోదాము నుంచి పుస్తకాల కట్టలు మోస్తావు. ఈరోజు నుంచి ఒకసారికి ఒక్క కట్టే ఎత్తు. సేటు ఏమైనా అంటాడని సాకు చెప్పకు. నిన్న నేనే వెళ్లి అడిగాను. "నేనేం అనలే అమ్మా, మీ ఎల్లేషే జిద్దుకు రెండు లేపుతడు" అన్నాడు.

వారం నుంచి పొద్దున్నే నడుముకు మందు రాసి, పైన తువ్వాలు బిగించి పోతున్నావు. అడిగితే "ఏం గాలే, జర పట్టింది" అంటావు. ఆ మందు మంటకు నొప్పి తెలియడం లేదు, అంతే. నడుము ఆగమంటోంది, నువ్వు దాని నోరు మూసి పనికి తీసుకెళ్తున్నావు. ఇవాళ మందు లేకుండా వెళ్లు. ఎక్కడ పట్టేస్తే అక్కడే కట్ట దించి కూర్చో. సాయంత్రం నేనే రాస్తాను.

లత

డబ్బా ఇంత తొందరగా ఎట్లా అయిపోయిందని మొన్న అడిగావు కదా. హాస్టల్‌లో పెద్ద అన్నం గిన్నె నేనొక్కదాన్నే దించుతుంటే నా మణికట్టు కలుక్కుమంది. సగం మందు నేనే రాసుకున్నాను. ఇవాళ నేనూ రాసుకోలేదు. గిన్నెకు రెండో పక్క పట్టమని, నాతో వండే స్వర్ణను అడుగుతాను.